బూట్ కాని రాస్‌బెర్రీ పై 4: కడపలో మా ఇంటి సర్వర్ రిపేరు డైరీ

ముందు సరంజామా చెప్తా. రాస్‌బెర్రీ పై 4 మోడల్ బీ, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, 4 జీబీ ర్యామ్, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్న బోర్డు. 32 జీబీ మెమరీ కార్డులో డెబియన్ లైనక్స్ బుక్‌వార్మ్ వెర్షన్ మీద వచ్చే రాస్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64 బిట్. యూఎస్‌బీ కేసులో పెట్టిన 1 టీబీ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్. 5 వోల్టులు 3 ఆంపియర్లు అని రాసున్న ఫోన్ అడాప్టర్, దానికి మీటరున్నర పొడుగు ఏ-టు-సీ కేబుల్. ఇదంతా హాల్లో కడప బండ అల్మారాలో రూటర్ పక్కన ఉంటుంది. సాంబా (ఫైళ్లు పంచుకోవడానికి), పై-హోల్ (యాడ్స్ ఆపడానికి), జెల్లీఫిన్ (వీడియోలు చూడటానికి) నడుస్తాయి. నాయన అంగడి లెక్కల ఎక్సెల్ ఫైళ్లు, ఇంట్లో అందరి ఫొటోలు, మా జేజి పాడిన పదాలు 61 రికార్డింగులు ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. జేజి ఇప్పుడు లేదు. అందుకే బోర్డు పోతే పోనీ, డిస్క్ మాత్రం పోకూడదు అనే లెక్కతోనే ఈ పని మొత్తం చేశా.

రెండేళ్లు బాగానే నడిచింది. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచి పది నిమిషాల్లో కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది, ఇంగ అప్పట్నుంచి సర్వర్ పింగ్‌కి (నెట్‌వర్క్‌లో పలకరింపుకి) పలకలేదు. ఒకటే జబ్బు అనుకున్నా గానీ మూడు తేలాయి, ఒకటి సరిచేస్తే గానీ దాని వెనకది కనపడలేదు.

దశ 1: బోర్డు బతికుందా (మొదటి రోజు రాత్రి)

మొదటి గంట నేను చేసిందంతా తప్పు. ప్లగ్గు తీయడం, పెట్టడం, పది పన్నెండుసార్లు అదే పని. డిస్క్ కూడా తగిలించే ఉంది, ప్రతిసారీ అది తిరగడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయేది. దీని ఫలితం దశ 7లో కనపడింది, మీరు మాత్రం ముందు డిస్క్ పీకేయండి.

తర్వాత లైట్లు చూశా. ఎర్ర లైటు నిలకడగా ఉంది. పచ్చ లైటు నాలుగుసార్లు చిటుక్కుమని వెలిగి, కాసేపు ఆగి, మళ్లీ నాలుగుసార్లు. కంటితో లెక్కపెడితే మూడా నాలుగా అని తికమక అయింది, ఫోన్లో వీడియో తీసి నిదానంగా నడిపించి లెక్కపెట్టా. పై 4లో మూడు అంటే మామూలు బూట్ ఫెయిల్యూర్, నాలుగు అంటే స్టార్ట్ ఫైలు (బోర్డును లేపే ఫర్మ్‌వేర్ ఫైలు) దొరకలేదు, ఏడు అంటే కెర్నల్ ఫైలు (ఓఎస్‌కి గుండెలాంటిది) దొరకలేదు, ఎనిమిది అంటే ర్యామ్ సమస్య.

బోర్డును విడిగా పరీక్షించడానికి రెండు నిమిషాలు చాలు:

1. డిస్క్, కీబోర్డు, లాన్ వైరు, మెమరీ కార్డు అన్నీ తీసేయాలి.
2. పవర్ పోర్టుకి దగ్గరున్న మైక్రో హెచ్‌డీఎంఐకి టీవీ పెట్టాలి, రెండోదానికి కాదు.
3. పవర్ ఇవ్వాలి.

టీవీ మీద బూట్‌లోడర్ (ఆన్ కాగానే ఓఎస్‌ని వెతికి లేపే చిన్న ప్రోగ్రాం) స్క్రీను వచ్చింది, బూట్‌లోడర్ ఎప్పటిదో, ఏ ఏ చోట్ల బూట్ కోసం వెతుకుతోందో అన్నీ రాసుంది. పై 4లో ఈ బూట్‌లోడర్ బోర్డు మీదున్న ఈఈప్రామ్ చిప్పులో ఉంటుంది, కార్డుతో పనిలేదు. అంటే ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే అన్నీ బతికున్నట్టే. ఈ స్క్రీను కూడా రాకపోతే రాస్‌బెర్రీ పై ఇమేజర్లో బూట్‌లోడర్ రికవరీ కార్డు చేసుకునే వీలుంది, అది పనిచేస్తే పచ్చ లైటు వేగంగా ఆగకుండా కొట్టుకుంటుంది, టీవీ అంతా పచ్చగా అవుతుంది. నాకు అంతదూరం పోవాల్సిన పని పడలేదు.

కార్డు పెట్టి మళ్లీ ఆన్ చేస్తే ఫర్మ్‌వేర్ దొరకలేదని స్క్రీనే చెప్పింది, నాలుగు వెలుగుల లెక్కతో సరిపోయింది.

ఇప్పటిదాకా: ఖర్చు 0, టైము 2 గంటలు.

దశ 2: కార్డు (రెండో రోజు)

కార్డే పోయిందని రాత్రే తీర్మానం చేసుకుని పొద్దున్నే ఏడు రోడ్ల దగ్గర అంగట్లో కొత్త 32 జీబీ కార్డు తెచ్చా, 450 రూపాయలు. తెచ్చాక తెలిసింది, కార్డుకి ఏమీ కాలేదని.

విండోస్ ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టగానే చిన్న బూట్ పార్టిషన్ ఒకటి కనపడుతుంది, రెండోదానికి ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. చేయొద్దు! అది లైనక్స్ పార్టిషన్, విండోస్ దాన్ని చదవలేక అట్ల అడుగుతుంది అంతే. మా తమ్ముడు అప్పటికే మౌస్ మీద చెయ్యి పెట్టేశాడు, పట్టుకుని ఆపా.

లైనక్స్ మింట్ పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్ ఆన్ చేసి ఇట్ల చేశా:

1. డీడీ రెస్క్యూ అనే టూల్‌తో పాత కార్డు మొత్తానికి ఇమేజ్ (అచ్చు కాపీ) తీశా. దాదాపు అరగంట, చదవలేని చోటు ఒక్కటి కూడా లేదు.
2. ఆ ఇమేజ్‌ని కొత్త కార్డులోకి రాశా. పాత కార్డు కవర్లో వేసి పక్కన పెట్టేశా, ఇంగ దాన్ని ముట్టుకోలేదు.
3. కాపీ మీద బూట్ పార్టిషన్ తెరిచి చూశా.

స్టార్ట్4 డాట్ ఎల్ఫ్ ఫైలు సైజు 0. ఫిక్సప్4 డాట్ డ్యాట్ అసలు లేదు. కెర్నల్8 డాట్ ఐఎంజీ బాగానే ఉంది. ఎందుకిట్ల అయిందా అని రెండో పార్టిషన్లో డీప్యాకేజ్ లాగ్ (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసిన చిట్టా) చూస్తే, సాయంత్రం 6:41కి రాస్పీ-ఫర్మ్‌వేర్ ప్యాకేజీ విప్పుతా ఉంది, ఆ లైనుతో లాగ్ ఆగిపోయింది. రోజూ సాయంత్రం ఆరున్నరకి అప్‌డేట్ అయ్యేట్టు క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాంలో) పెట్టింది నేనే. బూట్ పార్టిషన్ ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్, దానికి జర్నల్ (రాసే ముందు పెట్టుకునే చిట్టా) ఉండదు, రాస్తా రాస్తా ఉండగా కరెంటు పోతే ఏది సగం, ఏది పూర్తి అని చెప్పుకోవడానికి దాని దగ్గర ఏ ఆధారమూ ఉండదు. వేసవి సాయంత్రం మా దగ్గర కరెంటు ఆడే టైమూ, నేను పెట్టిన అప్‌డేట్ టైమూ ఒకటే అయ్యాయి.

అదే వెర్షన్ ఓఎస్ ఇమేజ్ దించుకుని అందులోంచి ఆ రెండు ఫైళ్లు కాపీ చేశా. నెట్లో పాత గైడ్లు చూసేవాళ్లకి ఒక మాట, బుక్‌వార్మ్ నుంచి బూట్ పార్టిషన్ ఉండేది బూట్ ఫోల్డర్ కింద ఫర్మ్‌వేర్ అనే ఫోల్డర్లో, పాతవాళ్లు చెప్పిన చోట కాన్ఫిగ్ ఫైలు మారిస్తే ఏమీ మారదు.

అన్నీ తగిలించి ఆన్ చేశా. రంగుల చతురస్రం వచ్చింది, అక్షరాలు పరిగెత్తాయి, డిస్క్ గుర్రుమంది, టీవీ నల్లబడింది, మళ్లీ రంగుల చతురస్రం. ఇదే తిరుగుడు.

ఇప్పటిదాకా: ఖర్చు 450, టైము 5 గంటలు.

దశ 3: డిస్క్ తీస్తే ఎమర్జెన్సీ మోడ్ (అదే రోజు)

డిస్క్ గుర్రుమన్నప్పుడే పడిపోతోంది కదా అని డిస్క్ తీసేసి ఆన్ చేశా. ఈసారి రీస్టార్ట్ కాలేదు గానీ నిమిషంన్నర ఆగి ఎమర్జెన్సీ మోడ్ అని నిలబడింది, పైగా రూట్ అకౌంట్ లాక్ అయ్యుంది కాబట్టి లోపలికి పోనివ్వదు.

కారణం ఎఫ్‌స్టాబ్, బూట్ అయ్యేటప్పుడు ఏ ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసుండే ఫైలు. అందులో డిస్క్ లైనుకి నోఫెయిల్ అనే మాట లేదు. ఆ మాట లేకపోతే డిస్క్ దొరికేదాకా సిస్టమ్ 90 సెకన్లు చూసి, దొరక్కపోతే బూట్ ఆపేస్తుంది. ఫొటోల డిస్క్ లేదని ఓఎస్ లేవకుండా ఉండాల్సిన పని లేదు.

1. కార్డు మళ్లీ మింట్‌లో పెట్టి రెండో పార్టిషన్లో ఈటీసీ ఫోల్డర్లో ఎఫ్‌స్టాబ్ తెరిచా.
2. డిస్క్ లైన్లో ఆప్షన్ల చివర నోఫెయిల్, పక్కనే ఎక్స్-సిస్టమ్‌డీ డాట్ డివైస్-టైమౌట్ 10 అని చేర్చా.
3. సేవ్ చేసి, సరిగ్గా అన్‌మౌంట్ చేసి తీశా.

లైనక్స్ ల్యాప్‌టాప్ లేనివాళ్లు విండోస్‌లోనే బూట్ పార్టిషన్లోని సీఎండీలైన్ ఫైలు చివర్న ఇనిట్‌ని బిన్ ఫోల్డర్లోని ఎస్‌హెచ్‌కి మార్చి, కీబోర్డు టీవీ పెట్టుకుని లోపలికి పోవచ్చు. ఆ ఫైలు మొత్తం ఒకే లైనుగా ఉండాలి, మధ్యలో ఎంటర్ నొక్కితే ఆ కింద రాసింది లెక్కలోకి రాదు.

ఈ మార్పు తర్వాత డిస్క్ లేకుండా 24 సెకన్లలో బూట్ అయింది, లాగిన్ అయ్యా, పై-హోల్ కూడా లేచింది. అప్పుడు నడుస్తుండగానే డిస్క్ తగిలించా. ఎర్ర లైటు ఒక్క క్షణం ఆరి వెలిగింది, డిస్క్ టిక్ టిక్ అని రెండుసార్లు కొట్టుకుంది, కనెక్షన్ తెగింది.

ఎర్ర లైటు ఆరడం అంటే బోర్డుకి వోల్టేజీ చాలట్లేదని, 4.63 కింద పడితే పై 4 అట్ల చూపిస్తుంది. ఆ మొదటి రాత్రి కూడా ఆరే ఉంటుంది, నేను పచ్చ లైటునే చూస్తా కూర్చున్నా.

ఇప్పటిదాకా: ఖర్చు 450, టైము 6న్నర గంటలు.

దశ 4: కొలతలు (మూడో రోజు)

మా వీధి చివర స్టెబిలైజర్లు రిపేరు చేసే అన్న ఒకాయన ఉన్నాడు. బోర్డు తీసుకుపోయి "అన్నా, పవర్ సెక్షన్ పోయిందేమో చూడవా" అంటే, ఆయన బోర్డు వైపు చూడకుండానే "నువ్వు కొలిచినావా?" అన్నాడు. లేదన్నా. "కొలవకుండా పోయిందని ఎట్ల జెప్తావురా, అడాప్టర్ కాడ ఎంత, బోర్డు కాడ ఎంత, రెండూ రాసుకొని రా" అని తన మీటరే ఇచ్చి పంపాడు. దానికి మిన్-మ్యాక్స్ బటన్ ఉంది, అదే కావాలి, ఎందుకంటే డిస్క్ తిరగడం మొదలైన ఆ ఒక్క సెకనులో పడే వోల్టేజీని మామూలు చవక మీటర్ చూపించలేదు.

కరెంటు ఎంత లాగుతోందో చూడటానికి టైప్-సీ యూఎస్‌బీ మీటర్ ఒకటి కొన్నా, 420. జంపర్ వైర్లు 40.

కొలిచే పద్ధతి జాగ్రత్తగా చదవండి. బోర్డు అంచున ఉండే జీపీఐఓ పిన్నుల వరసలో 2, 4 నంబర్ పిన్నులు 5 వోల్టులు, 6 గ్రౌండ్. మీటర్ పుల్ల నేరుగా పిన్ను మీద పెట్టొద్దు, జారి 2వ పిన్నూ 1వ పిన్నూ కలిస్తే 3.3 వోల్టుల లైన్లోకి 5 వోల్టులు పోయి బోర్డు అక్కడికక్కడే చచ్చిపోతుంది. పవర్ లేనప్పుడు 4కి ఒకటి, 6కి ఒకటి జంపర్ వైర్లు తొడిగి, వాటి రెండో కొసలకి మీటర్ క్లిప్పులు పెట్టి, అప్పుడు ఆన్ చేయాలి.

వచ్చిన లెక్కలు:

అడాప్టర్ ఊరికే ఉన్నప్పుడు 5.12 వోల్టులు.
డిస్క్ లేకుండా, 0.62 ఆంపియర్లు: అడాప్టర్ దగ్గర 5.10, బోర్డు దగ్గర 4.85.
డిస్క్ తిరిగేటప్పుడు, 1.25 ఆంపియర్లు: అడాప్టర్ దగ్గర 5.08, బోర్డు దగ్గర కనిష్ఠం 4.57.

అడాప్టర్ తప్పేమీ లేదు, కదల్లేదు కూడా. మధ్యలో 0.51 వోల్టు ఎటు పోయింది? 0.51ని 1.25తో భాగిస్తే 0.41 ఓమ్. మొదటి కొలతలో 0.25ని 0.62తో భాగించినా 0.40 వచ్చింది. రెండుసార్లూ ఒకటే వచ్చిందంటే అది వైరు రెసిస్టెన్సే. 26 గేజ్ రాగి తీగ మీటరుకి సుమారు 0.134 ఓమ్, మీటరున్నర కేబుల్లో కరెంటు పోయి రావడానికి మూడు మీటర్లు, అంటే 0.40. కేబుల్ మీద గేజ్ రాసిలేకపోయినా లెక్క దాన్ని పట్టిచ్చింది. అదే 18 గేజ్ అయితే మీటరుకి 0.021, మూడు మీటర్లకి 0.063 మాత్రమే.

నిజం చెప్పాలంటే ఈ డైరీ మొత్తంలో నాకు సంతోషం వేసింది ఈ లెక్క దగ్గరే. రెండు రోజులుగా కార్డు, బోర్డు, ఓఎస్ అని తిరిగిన అనుమానం ఒక భాగహారంతో తీగ మీదకి వచ్చి నిలబడింది.

డిస్క్ పెట్టిన క్షణంలో వోల్టేజీ, స్పీడు సంగతి చెప్పే వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ కమాండ్ జవాబు కూడా ఒకసారి దొరికింది, హెక్స్‌లో 50005. చివరి 5 అంటే ఇప్పుడు వోల్టేజీ తక్కువ ఉంది, స్పీడు తగ్గించి నడుపుతున్నా అని. ముందున్న 5 అంటే ఆన్ అయినప్పటి నుంచి అవి రెండూ ఎప్పుడో ఒకసారి జరిగాయి అని. ఇది రెండేళ్లలో ఒక్కసారి చూసుంటే ఎప్పుడో తెలిసేది, అన్నాళ్లూ అంచు మీదే నడిచింది పాపం.

ఇప్పటిదాకా: ఖర్చు 910, టైము 9 గంటలు.

దశ 5: లావు కేబుల్ కొని మోసపోవడం (నాలుగో రోజు)

తీగ లావుగా ఉంటే చాలు కదా అని 100 వాట్ల సీ-టు-సీ కేబుల్ కొన్నా, 399. ల్యాప్‌టాప్ 65 వాట్ల చార్జర్‌కి పెట్టా. ఎర్ర లైటు కూడా వెలగలేదు. గుండె జారింది, పాత కేబుల్ పెడితే వెలిగింది. కొత్తది పెడితే లేదు. అదే కేబుల్‌తో ఫోన్ చక్కగా చార్జ్ అవుతోంది.

కాసేపటికి గుర్తొచ్చింది. బోర్డు రివిజన్ చూశా, ప్రాక్ ఫోల్డర్లోని సీపీయూఇన్ఫో ఫైలు చివర్లో ఉంటుంది, నాది సీ03111, అంటే 1.1 రివిజన్, 2019 నాటిది. ఆ రివిజన్లో టైప్-సీ పోర్టులో ఏం తగిలిందో చార్జర్‌కి చెప్పే రెండు సీసీ పిన్నులకి కలిపి ఒకే రెసిస్టర్ ఉంటుంది. ఈ-మార్క్ చిప్పు (కేబుల్ ఎంత కరెంటు మోయగలదో చెప్పేది) ఉన్న కేబుల్ పెడితే చార్జర్ బోర్డును ఆడియో పరికరం అనుకుని పవర్ ఇవ్వదు. 100 వాట్ల కేబుళ్లన్నిటిలో ఆ చిప్ ఉంటుంది. 1.2 రివిజన్ నుంచి ఇది మారింది. సీ03112 ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, సెకండ్‌హ్యాండ్ బోర్డు కొనేవాళ్లు మాత్రం ముందు ఈ నంబర్ అడగండి.

కేబుల్ తమ్ముడి ఫోన్‌కి పోయింది.

ఇప్పటిదాకా: ఖర్చు 1,309, టైము 10న్నర గంటలు.

దశ 6: సరైన అడాప్టర్ (తొమ్మిదో రోజు)

రాస్‌బెర్రీ పై వాళ్ల సొంత అడాప్టర్ ఆర్డర్ పెట్టా, 5.1 వోల్టులు 3 ఆంపియర్లు, మీటరున్నర 18 గేజ్ వైరు దానికే అతుక్కుని ఉంటుంది. నాకు 850 పడింది, రావడానికి ఐదు రోజులు. ఆ 5.1లోని 0.1 ఎందుకంటే వైర్లో పోయేది పోగా బోర్డు దగ్గర 5 మిగలాలని.

అవే పిన్నులు, అదే మీటర్: డిస్క్ లేకుండా 5.09, డిస్క్ తిరిగేటప్పుడు కనిష్ఠం 5.01. మొదటిసారికే బూట్ అయింది. గెట్ థ్రాటిల్డ్ సున్నా.

ఇప్పటిదాకా: ఖర్చు 2,159, టైము 11 గంటలు.

దశ 7: డిస్క్ లోపల ఏముంది (పది, పదకొండో రోజులు)

డిస్క్‌ని రాస్‌బెర్రీ పై మీద రిపేరు చేయలేదు. ప్రొద్దుటూరు నుంచి చిన్నాయన వాళ్ల 1 టీబీ డిస్క్ తెప్పించి, ల్యాప్‌టాప్‌లో మా డిస్క్‌ని రీడ్-ఓన్లీ, నోలోడ్ ఆప్షన్లతో మౌంట్ చేసి ముందు 412 జీబీ కాపీ తీశా, మూడు గంటలు పైనే పట్టింది. నోలోడ్ ఎందుకంటే అది పెట్టకపోతే రీడ్-ఓన్లీ అన్నా కూడా జర్నల్లో మిగిలింది డిస్క్ మీద రాసేస్తుంది.

స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేది) రీఅలొకేటెడ్ సెక్టార్లు 0, పెండింగ్ 0, అంటే చెడిన చోట్లు లేవు. పవర్-ఆఫ్ రిట్రాక్ట్ కౌంట్ మాత్రం 212. జనవరిలో రాసి పెట్టుకున్నది 147. పవర్ హఠాత్తుగా పడిపోయినప్పుడు రీడింగ్ హెడ్‌ని ఉన్నఫళాన వెనక్కి లాక్కోవాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ అంకె పెరుగుతుంది. ఐదు నెలల్లో 65, అందులో మొదటి రాత్రి నేను ప్లగ్గు పీకిన పది పన్నెండూ ఉన్నాయి.

కాపీ అయ్యాక ఈ2ఎఫ్ఎస్‌సీకే అనే డిస్క్ సరిచేసే టూల్ నడిపా, చిన్న చిన్న దిద్దుబాట్లు, లాస్ట్-ఫౌండ్ ఫోల్డర్లో 14 ముక్కలు.

తర్వాత జేజి రికార్డింగులు. జనవరిలో అన్నిటికీ షా256 చెక్‌సమ్ (ఫైల్లో ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తు) లిస్టు తీసి ఫోన్లో కూడా పెట్టుకున్నా. 61లో 60 సరిపోయాయి. సరిపోనిది దంపుడు పాట. ఆ సాయంత్రం దానికే ట్యాగ్ రాస్తా ఉన్నా, అందుకే చెక్‌సమ్ మారిందేమో అనుకుని విన్నా. 2 నిమిషాల 40 సెకన్ల దాకా జేజి గొంతు, ఆపైన ఏమీ లేదు, చివరిదాకా నిశ్శబ్దం. ఫైలు సైజు మాత్రం సరిగ్గానే ఉంది. సైజు చూసి ఫైలు బాగుందనుకోవద్దు.

ఫొటో రెక్ అనే టూల్‌తో రెండు గంటలు వెతికా, దొరకలేదు. చిన్నాయనకి ఫోన్ చేస్తే "నువ్వు నాకు వాట్సాప్‌లో పంపినావు గదబ్బీ, నేనేంటికి తీసేస్తా" అన్నాడు. పూర్తి పాట ఉంది, ఒత్తిపెట్టిన ఆడియో, రోకటి దెబ్బ మధ్య జేజి ఊపిరి తీసుకునే చప్పుడు అందులో వినపడదు, పదాలు మాత్రం అన్నీ ఉన్నాయి.

ఇప్పటిదాకా: ఖర్చు 2,159, టైము 16 గంటలు.

దశ 8: ఇన్వర్టర్ (పదమూడో రోజు)

ఇంట్లో ఇన్వర్టర్ ఉండి కూడా ఎందుకు పడిపోయింది అనేది మిగిలింది. వెనక స్విచ్ చూస్తే నార్మల్ మోడ్‌లో ఉంది, ఫ్యాన్లకి లైట్లకి అది చాలు, కానీ బ్యాటరీ మీదకి మారడానికి యూపీఎస్ మోడ్ కంటే ఎక్కువ టైము తీసుకుంటుంది.

డిస్క్ అన్‌మౌంట్ చేసి పీకేసి, సర్వీసులన్నీ ఆపి, మెయిన్ ఎంసీబీ పదిసార్లు దించా. నార్మల్ మోడ్‌లో పదికి మూడుసార్లు బోర్డు రీస్టార్ట్ అయింది. యూపీఎస్ మోడ్‌లో పదికి సున్నా. యూపీఎస్ మోడ్‌లో ఒక ఇబ్బంది ఉంది, సాయంత్రాలు మా ఇంట్లో వోల్టేజీ 188 దాకా పడటం నేనే కొలిచా, ఇంకాస్త పడితే ఇన్వర్టర్ కరెంటు ఉన్నా బ్యాటరీ మీదకి పోతుంది. బ్యాటరీ కొంచెం ఎక్కువ అరిగినా పర్వాలేదని నాయన ఒప్పుకున్నాడు, లెక్కల ఫైళ్లు ఆయనవే కదా.

మార్చినవి ఇంకొన్ని:

1. అప్‌డేట్ క్రాన్ తీసేశా. ఆదివారం పొద్దున నేనే కూర్చుని చేస్తా.
2. ఎఫ్‌స్టాబ్‌లో బూట్ పార్టిషన్‌ని రీడ్-ఓన్లీ చేశా, అప్‌డేట్ అప్పుడు మాత్రం రాసేట్టు మార్చి, అయ్యాక మళ్లీ మూసేస్తా.
3. బోర్డును పడమటి గోడకి ఆనుకున్న మీది బండ నుంచి కింది బండ మీదకి దించా. ఎండ పడే గోడ, మధ్యాహ్నం బోర్డు 74 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 63. 80 దాటితే స్పీడు తగ్గించుకుంటుంది కాబట్టి ఇంత అవసరమా అంటే కాదేమో, కానీ మే నెల కడప ఎండ.
4. చిన్నాయన డిస్క్ వెనక్కి ఇవ్వలేదు, ఆయనే వద్దన్నాడు. నెలకొకసారి కాపీ చేసి ప్రొద్దుటూరులో పెడతాం.

ఖర్చు 2,159, టైము 18 గంటలు.

ఇరవై ఏడో రోజు

రెండు వారాలుగా గంటకొకసారి గెట్ థ్రాటిల్డ్ విలువ ఫైల్లోకి రాయిస్తున్నా, అన్నీ సున్నాలే. ఈ మధ్యలో కరెంటు చాలాసార్లు పోయింది, సర్వర్ ఒక్కసారీ పడలేదు. మీటర్ అన్నకి తిరిగిచ్చేశా, రాసుకున్న కాగితం చూపిస్తే 0.41 దగ్గర వేలు పెట్టి తలూపాడు.

దంపుడు పాట ఫైలు పేరు చివర వాట్సాప్ కాపీ అని రాసి ఉంచా. అసలుది ఆ రోజు రికార్డ్ చేసిన పాత ఫోన్లో ఉండొచ్చు, ఆ ఫోన్ మైదుకూరులో అత్త దగ్గర ఉందంట, ఆన్ అవట్లేదంట. వచ్చే ఆదివారం పోతున్నా, మీటర్ పట్టుకుని.